లోమాక్స్ దారిలో, పాడినవాళ్ల పేర్లు వెతుక్కుంటూ

గురువారం: మెరిడియన్

డాలస్ నుంచి రెండు గంటల ప్రయాణం. ఏప్రిల్ కావడంతో రోడ్డుకు రెండు పక్కలా బ్లూబానెట్ పూలు నీలంగా పరుచుకుని ఉన్నాయి. బాస్కీ కౌంటీలోకి రాగానే నేల గుట్టలు గుట్టలుగా మారింది. జాన్ ఏవరీ లోమాక్స్ పెరిగింది ఈ గుట్టల మధ్యనే. 1867లో మిసిసిపీ రాష్ట్రంలోని గుడ్‌మన్‌లో పుట్టి, రెండేళ్ల వయసులో తల్లిదండ్రులతో బండి మీద ఇక్కడికి వచ్చారు. కొడుకు ఆలన్ 1915లో ఆస్టిన్‌లో పుట్టారు. అమెరికా జానపద గీతాల గురించి ఏ పుస్తకం తెరిచినా, ఊరూరా తిరిగి వాటిని సేకరించిన ఈ తండ్రీకొడుకుల పేరు కనిపిస్తుంది. మన ఇళ్లలో ఊరి పేర్లే ఇంటిపేర్లయినట్టు, లోమాక్స్ కూడా ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో బరీ పట్టణం దగ్గరి ఒక చోటి పేరు. ఇప్పుడు ఆ చోటు సంగతి ఎవరికీ పట్టదు. ఇంటిపేరు మాత్రం వేలాది పాటల మీద నిలిచింది.

నా తపనంతా ఆ పాటలు పాడినవాళ్ల గురించి. వాళ్లలో ఎందరి పేర్లు మిగిలాయో, ఎందరివి పోయాయో ఆ ఊళ్లకు వెళ్లి తెలుసుకోవాలనే మా ఆవిడా నేనూ బయలుదేరాం. లోమాక్స్‌లు రికార్డు చేసిన పాటలు వేల సంఖ్యలో ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. ఏ ఊళ్లో పాడిన పాటను ఆ ఊరి దారిలోనే వినాలని ఫోనులో వరుసగా పెట్టుకున్నాం.

మెరిడియన్ చిన్న ఊరు. కోర్టు భవనం చుట్టూ నాలుగు వీధులు. లోమాక్స్‌ల పొలానికి దగ్గరలోంచే పశువుల మందలు ఉత్తరానికి సాగేవి. మందను కాస్తూ కౌబాయ్‌లు పాడిన పాటలు విని జాన్ కాగితాల మీద రాసుకునేవారు. ఆయనకు అంతకంటే దగ్గరగా పాటలు నేర్పినది నాట్ బ్లైత్ అనే నల్లజాతి యువకుడు. వాళ్ల పొలంలో పనికి ఉండేవాడు. జాన్ అతనికి చదవడం, రాయడం నేర్పారు. అతను జాన్‌కు పాటలూ, అడుగులూ నేర్పాడు. ఇరవై ఒకటో ఏట నాట్ తన కూలి డబ్బు తీసుకుని వెళ్లిపోయాడు. ఎవరో చంపేశారని తర్వాత వదంతి వచ్చింది. దక్షిణాది రాష్ట్రాల్లో తిరిగిన ప్రతిసారీ అతని ముఖం కోసం వెతికేవాడినని జాన్ రాసుకున్నారు. బాస్కీ నది వంతెన మీద కారు ఆపి కాసేపు నిలబడ్డాం. నా లెక్కలో లోమాక్స్ కథలో మొదటి గురువు నాట్ బ్లైత్. అతని గొంతు ఏ రికార్డులోనూ లేదు.

శుక్రవారం: ఆస్టిన్

టెక్సస్ విశ్వవిద్యాలయంలోని బ్రిస్కో కేంద్రంలో లోమాక్స్ కుటుంబ పత్రాలు ఉన్నాయి. పెన్ను లోపలికి తీసుకుపోనివ్వరు, పెన్సిలు మాత్రమే. ఒక్కో పెట్టె తెప్పించుకుని చూశాం. ఆ కాగితాలు తిరగేస్తుంటే, ఈ పని మొదట్లో ఎంత ఒంటరి పనో అర్థమవుతుంది.

జాన్ ఈ విశ్వవిద్యాలయంలోనే చదివి 1897లో పట్టా పుచ్చుకున్నారు. తాను రాసుకున్న కౌబాయ్ పాటలను ఒక ఇంగ్లీషు ఆచార్యుడికి చూపిస్తే, ఇవి చవకబారు సరుకు, సాహిత్యం కాదు అని తీసిపారేశారట. ఆ రాత్రే హాస్టలు వెనక కాగితాలు తగలబెట్టేశానని జాన్ తన ఆత్మకథలో చెప్పుకున్నారు. మళ్లీ ప్రాణం పోసింది హార్వర్డ్. 1906లో అక్కడికి వెళ్లినప్పుడు బ్యారెట్ వెండెల్, కిట్రెడ్జ్ అనే ఇద్దరు ఆచార్యులు వెన్నుతట్టారు. మీ ప్రాంతపు పాటలు పంపండి అంటూ జాన్ పడమటి రాష్ట్రాల పత్రికలకు విజ్ఞప్తులు పంపారు. 1910లో కౌబాయ్ పాటల సంకలనం వెలువడింది. మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ దానికి ముందుమాట రాశారు.

ఆ సంకలనంతోనే 'హోమ్ ఆన్ ద రేంజ్' దేశమంతా పాకింది. ఇప్పుడది కాన్సస్ రాష్ట్ర గీతం. జాన్‌కు దాన్ని పాడి వినిపించింది శాన్ ఆంటోనియోలో సారా దుకాణం నడిపిన ఒక నల్లజాతి వ్యక్తి. అంతకుముందు పశువుల మందల వెంట వంటవాడిగా తిరిగినవాడు. దుకాణం సంగతి తెలుసు, చేసిన పని తెలుసు. పేరు మాత్రం చాలా కథనాల్లో వినపడదు. నా నోటుపుస్తకంలో ఈ పాట ఎదురుగా ఖాళీ గీత గీసి వదిలేశాను.

మన దగ్గర నేదునూరి గంగాధరం, బిరుదురాజు రామరాజు వంటివారు ఊరూరా తిరిగి పాటలు సేకరించిన సంగతి గుర్తొచ్చింది. 1950లలో రామరాజుగారు ఉస్మానియాలో తెలుగు జానపద గేయాల మీద డాక్టరేటు చేశారు. పామరుల పాటలకు పరిశోధన ఎందుకు అన్న ప్రశ్నను ఏ దేశంలోనైనా ఎవరో ఒకరు ముందుగా భరించాలి. ఆ గౌరవం జాన్ లోమాక్స్‌కు ఇవ్వాల్సిందే. నేను ఈ వారమంతా ఆయన మీద ఎన్ని అభ్యంతరాలు చెప్పినా, ఈ ఒక్కటి కదలదు.

శనివారం: షుగర్ ల్యాండ్

ఈ రోజు గురించి ఎక్కువ రాయాలి.

హ్యూస్టన్ పక్కనున్న షుగర్ ల్యాండ్ తెలుగువాళ్లకు కొత్త కాదు. బంధువులో స్నేహితులో ఎవరో ఒకరు ఇక్కడ ఉంటారు. చినజీయర్ స్వామివారి ఆధ్వర్యంలోని అష్టలక్ష్మి ఆలయం ఉంది. 2024 ఆగస్టులో ఆ ఆవరణలో 90 అడుగుల హనుమంతుడి విగ్రహాన్ని ప్రతిష్ఠించారు. పొద్దున్నే దర్శనం చేసుకుని, ప్రసాదంగా పులిహోర తిని బయలుదేరాం.

ఊరి పేరులోని చక్కెర ఇంపీరియల్ షుగర్ కంపెనీది. 2003లో మూతపడిన ఆ కర్మాగారపు ఇటుక భవనం ఇంకా నిలబడి ఉంది. చుట్టూ ఒకప్పుడు చెరకు తోటలు. బానిసత్వం రద్దయ్యాక ఆ తోటల్లో పనికి మనుషులు కావలసి వచ్చారు. చిన్న చిన్న నేరాలు మోపి నల్లజాతివాళ్లను ఖైదు చేయడం, ఆ ఖైదీలను తోటల యజమానులకు అద్దెకివ్వడం మొదలైంది. 2018లో ఒక పాఠశాల భవనం కోసం తవ్వుతుంటే 95 మంది అస్థిపంజరాలు బయటపడ్డాయి. ఆ ఖైదీ కూలీలవే. అక్కడ సమాధులు ఉన్నాయని రెజినాల్డ్ మూర్ అనే ఉద్యమకారుడు ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. ఒకప్పుడు జైలు కాపలాదారుగా పనిచేసిన మనిషి ఆయన. 2019లో ఆ 95 మందినీ అక్కడే తిరిగి ఖననం చేశారు. ఒక్కొక్కరికీ ఒక్కో గుర్తు ఉంది. పేర్లు లేవు.

అద్దె పద్ధతి పోయాక ప్రభుత్వమే ఇక్కడ జైలు వ్యవసాయ క్షేత్రం నడిపింది. 1933 డిసెంబరులో లోమాక్స్‌లు దానిలోకి అడుగుపెట్టారు. అంతకుముందు రెండేళ్లలో జాన్‌కు అన్నీ పోయాయి. 1931లో భార్య చనిపోయింది, బ్యాంకు ఉద్యోగం ఊడింది. అరవై ఐదేళ్ల వయసులో, పద్దెనిమిదేళ్ల కొడుకును వెంటబెట్టుకుని, అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తరఫున పాటల వేటకు బయలుదేరారు. 315 పౌండ్ల బరువైన యంత్రం, అంటే దాదాపు 143 కిలోలు, ఫోర్డు కారులో పెట్టుకుని ఊరూరా తిరిగారు. అది అల్యూమినియం పళ్లాల మీద ధ్వనిని గాట్లుగా చెక్కేది.

జైళ్లకే ఎందుకు వెళ్లారన్నదానికి వాళ్ల దగ్గర జవాబు ఉంది. రేడియో, గ్రామఫోను సోకని చోట పాత పాటలు చెడకుండా ఉంటాయని తండ్రీకొడుకుల నమ్మకం. జైళ్లలో పాట వినోదం కాదు. గొడ్డళ్లు ఒకే వేటుగా పడకపోతే పక్కవాడి కాలు తెగుతుంది. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు వంత పాడుతూ చేయి కలుపుతారు. అందరూ ఒకే లయలో ఉంటే, వెనకబడిన బలహీనుడెవరో కాపలాదారుకు తెలియదు. కొరడా దెబ్బ నుంచి పాట కాపాడేది.

పాడినవాళ్లలో ఇద్దరి పేర్లు ఈ ఊరి రికార్డులతో కలిసి నిలిచాయి. 'ఐరన్ హెడ్' అని పిలిచే జేమ్స్ బేకర్ ఒకరు, 'క్లియర్ రాక్' అని పిలిచే మోజ్ ప్లాట్ మరొకరు. ఐరన్ హెడ్‌ను 1936లో లోమాక్స్ పూచీ మీద బయటికి తెచ్చి, తన వెంట జైళ్లు తిప్పారు. తర్వాత ఆయన మళ్లీ జైలుకే చేరారు. బ్రాజోస్ నది ఒడ్డున ఇక చెరకు లేదు, అంతా గానుగాడేశాం అనే అర్థం వచ్చే పాటను కూడా ఇక్కడే పట్టుకున్నారు. కారు అద్దాలు దించి, పాత కర్మాగారం ఎదురుగా ఆ పాట విన్నాం. చుట్టూ పెద్ద పెద్ద ఇళ్లు, పచ్చిక కోసే యంత్రాల చప్పుడు.

మా ఆవిడది శ్రీకాకుళం జిల్లా. వాళ్ల అమ్మమ్మ వరి ఊడ్పుల్లో పాట ఎత్తుకుంటే మడంతా వంత పాడేదట. "వీళ్లూ నడుం నొప్పి తెలియకుండానే పాడారండీ. కానీ మా అమ్మమ్మ సాయంత్రానికి ఇంటికి వచ్చేది," అంది. నేను ఏ పుస్తకంలో చదివినదానికన్నా ఈ మాటే నాకు ఎక్కువ చెప్పింది.

ఆదివారం: మూరింగ్స్‌పోర్ట్

హైవే 59 మీద ఉత్తరానికి వచ్చి లూసియానాలో అడుగుపెట్టాం. ష్రీవ్‌పోర్ట్‌కు వాయవ్యంగా, పైన్ చెట్ల మధ్య షైలో బాప్టిస్టు చర్చి. హడ్డీ లెడ్‌బెటర్ సమాధి ఆ ఆవరణలోనే ఉంది. లోకానికి ఆయన లెడ్ బెల్లీ. పన్నెండు తంత్రుల గిటారు వాయించేవారు. సమాధి చుట్టూ ఇనుప కంచె. నాణేలు, గిటారు మీటే బిళ్లలు ఎవరెవరో పెట్టి వెళ్లారు.

లోమాక్స్ ఇంటిపేరు మీద అతి పెద్ద వెలుగూ, అతి పెద్ద మచ్చా ఈయన వల్లే. షుగర్ ల్యాండ్ జైల్లో శిక్ష అనుభవిస్తూ పాట పాడి గవర్నరు ప్యాట్ నెఫ్‌ను మెప్పించి 1925లో క్షమాభిక్ష పొందారు. 1930లో మళ్లీ ఖైదు, ఈసారి లూసియానాలోని అంగోలా జైలు. 1933 జులైలో లోమాక్స్‌లు అక్కడ ఆయన గొంతు రికార్డు చేశారు. 1934లో మళ్లీ వెళ్లి, గవర్నరును విడుదల కోరే పాట కూడా ఎక్కించి పంపారు. ఆగస్టులో లెడ్ బెల్లీ విడుదలయ్యారు. పాటే విడిపించిందని పత్రికలు రాశాయి. నిజానికి సత్ప్రవర్తన మీద శిక్ష తగ్గించే నిబంధన ప్రకారం వదిలారు. ఆ తర్వాత జాన్‌కు కారు నడుపుతూ, పాటలు పాడుతూ న్యూయార్క్ చేరారు. జాన్ ఆయనను జైలు దుస్తుల్లో వేదిక ఎక్కించారు. డబ్బు దగ్గర తగాదా వచ్చి 1935 మార్చిలో విడిపోయారు.

లెడ్ బెల్లీ 1949 డిసెంబరులో చనిపోయారు. మరుసటి ఏడాదే ఆయన పాట 'గుడ్‌నైట్ ఐరీన్' వీవర్స్ బృందం గొంతులో 13 వారాలు మొదటి స్థానంలో ఉంది. రచయితలుగా ఆయన పేరు పక్కన జాన్ లోమాక్స్ పేరు కూడా చేరింది. దీన్ని సమర్థించేవారి వాదన నాకు తెలుసు. లోమాక్స్ వెళ్లకపోతే ఆ పాట అంగోలా గోడలు దాటేది కాదంటారు. అది నిజమే. అయినా విన్నవాడికి దక్కవలసిన కృతజ్ఞత వేరు, రచయిత అనిపించుకునే హక్కు వేరు. ఆ సమాధి దగ్గర నిలబడితే నాకు దీనిలో సందేహం మిగల్లేదు.

సోమవారం

రోజంతా ప్రయాణమే. సాయంత్రానికి సెయింట్ ఫ్రాన్సిస్‌విల్ చేరి, వెంట తెచ్చుకున్న పెరుగన్నం, ఆవకాయ తిని పడుకున్నాం.

మంగళవారం: అంగోలా

హైవే 66 జైలు గేటు దగ్గర ఆగిపోతుంది. అక్కడితో రోడ్డే లేదు. లూసియానా రాష్ట్ర జైలుకు మూడు పక్కల మిసిసిపీ నది, లోపల 18,000 ఎకరాలు. బానిసల కాలంలో ఇది తోట. ఆ బానిసలు ఆఫ్రికాలో ఏ దేశం నుంచి వచ్చారో ఆ దేశం పేరే తోటకు పెట్టారు. ఖైదీలు ఇప్పటికీ పొలం పని చేస్తున్నారు.

గేటు బయట చిన్న మ్యూజియం ఉంది. పాత విద్యుత్ కుర్చీ, ఖైదీలు చేసుకున్న కత్తులు చూస్తుంటే కడుపులో తిప్పింది. మా ఆవిడ బయటికి వచ్చి బెంచీ మీద కూర్చుంది. నేనూ ఎక్కువసేపు ఉండలేకపోయాను. లెడ్ బెల్లీ 1933లో ఇక్కడ పాడిన రికార్డును గేటుకు ఎదురుగా పెట్టుకుని విన్నాం. సూది అల్యూమినియాన్ని గీరుతున్న శబ్దం ముందు వస్తుంది, దాని వెనక నుంచి ఆ గొంతు. ఇక్కడ నాకు స్పష్టంగా తోచింది ఒకటుంది. పాడేవాళ్లకు కాదనే స్వేచ్ఛ ఎంత ఉంది? వార్డెను పిలిపించి పాడమంటే ఖైదీ పాడాలి. కొందరు ఆశతో పాడి ఉంటారు, కొందరు భయంతో. ఈ రికార్డులను వినేటప్పుడు ఆ సంగతి పక్కన పెట్టడం నాకు చేతకాదు.

బుధవారం: గ్రీన్‌విల్

హైవే 61 మీద నాచెజ్, విక్స్‌బర్గ్ దాటి డెల్టాలోకి వచ్చాం. చదునైన నల్లటి నేల, దూరంగా కరకట్ట. కోనసీమ చూసినవాళ్లకు ఏటిగట్టు గుర్తుకొస్తుంది. ఇక్కడ కొబ్బరి చెట్లు లేవు, అంతే. 1927 వరదలో గ్రీన్‌విల్‌కు ఎగువన కట్ట తెగి ఊరు మునిగింది. జాన్ లోమాక్స్ 1948 జనవరిలో ఎనభై ఏళ్ల వయసులో ఈ ఊళ్లోనే చనిపోయారు. పుట్టిన రాష్ట్రంలోనే, మళ్లీ ప్రయాణంలో ఉండగానే. కరకట్ట ఎక్కి నది వైపు నడిచాం. గాలి విపరీతంగా ఉంది.

గురువారం: పార్చ్‌మన్, క్లార్క్స్‌డేల్

పార్చ్‌మన్ జైలును దారిలో గేటు ముందు నుంచే చూశాం. అక్కడ ఆగనివ్వరు. 1933లో తండ్రీకొడుకులు కలిసి వచ్చిన చోటు ఇది. తండ్రి పోయాక కూడా ఆలన్ దీన్ని వదల్లేదు. 1959లో ఇక్కడ జేమ్స్ కార్టర్ అనే ఖైదీ, తోటివాళ్లతో కట్టెలు కొడుతూ పాడిన పాట 2000లో ఒక హాలీవుడ్ సినిమాలో చేరింది. ఆ పాటల ఆల్బం లక్షల్లో అమ్ముడైంది. ఆలన్ కూతురు ఆనా లోమాక్స్ వుడ్, ఆలన్ రికార్డులను చూసుకునే సంస్థవాళ్లు కార్టర్ కోసం వెతికారు. చికాగోలో ఉన్నారని తెలిసి, వెళ్లి 20,000 డాలర్ల చెక్కు ఇచ్చారు. ఆ పాట పాడిన సంగతే ఆయనకు గుర్తు లేదు. 2002లో గ్రామీ వేడుకకు వెళ్లారు, మరుసటి ఏడాది చనిపోయారు. వీళ్లు ఆయన ఇంటి తలుపు తట్టగలిగారంటే, 1959లో ఆలన్ ఆ ఖైదీ పేరు సరిగ్గా రాసుకున్నందువల్లే. తండ్రి కన్నా కొడుకు మెరుగనిపించే సంగతి ఇది.

పేరు దాచడమే మేలైన సందర్భమూ ఉంది. 1947లో ఆలన్ న్యూయార్క్‌లో బిగ్ బిల్ బ్రూన్జీ, మెంఫిస్ స్లిమ్, సోనీ బాయ్ విలియమ్సన్ అనే ముగ్గురు బ్లూస్ (దక్షిణాది నల్లజాతివాళ్ల పాట) కళాకారులను కూర్చోబెట్టి దక్షిణాది బతుకు గురించి మాట్లాడించారు. తెల్లవాళ్ల దౌర్జన్యాల గురించి వాళ్లు మనసు విప్పారు. తర్వాత తమ పేర్లు బయటికి రానివ్వొద్దని బతిమాలారు. ఊళ్లో ఉన్న తమవాళ్లను చంపేస్తారని భయం. ఆ రికార్డు విడుదలైనా, వాళ్ల అసలు పేర్లు దశాబ్దాల తర్వాత గానీ బయటపడలేదు.

క్లార్క్స్‌డేల్‌లోని డెల్టా బ్లూస్ మ్యూజియంలో ప్రసిద్ధ బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ ఉన్న కొయ్య ఇంటిని చూడవచ్చు. స్టోవాల్ తోట నుంచి తెచ్చి లోపల నిలబెట్టారు. 1941 ఆగస్టులో ఆలన్ ఆ ఇంటికి వచ్చినప్పుడు మడ్డీ ట్రాక్టరు నడుపుకునే కూలీ. తన గొంతు తిరిగి వినిపించగానే, నేనూ పాడగలను అని నమ్మకం కుదిరిందని ఆయన తర్వాత చెప్పారు. 1943లో చికాగో రైలెక్కారు. ఆలన్‌తో పాటు ఆ రోజు ఫిస్క్ విశ్వవిద్యాలయపు నల్లజాతి పరిశోధకుడు జాన్ వర్క్ కూడా ఉన్నారు. ఈ ప్రాంతం మీద పరిశోధన చేయాలన్న ఆలోచనలో ఆయన పాలు పెద్దది. ఆయన రాసిన పత్రాలు అచ్చయింది 2005లో! పాడినవాళ్లవే కాదు, పక్కన నిలబడి విన్నవాళ్ల పేర్లు కూడా ఈ ఒక్క ఇంటిపేరు కింద మరుగున పడ్డాయి. మ్యూజియంలో దుకాణం నడిపే పెద్దావిడతో ఈ మాటంటే, చేయి పట్టుకుని ఊపింది.

శుక్రవారం: కోమో

డెల్టా దాటి కొండ ప్రాంతంలోకి వచ్చాం. 1959 సెప్టెంబరులో ఆలన్, ఇంగ్లీషు గాయని షర్లీ కాలిన్స్ ఇక్కడ పాటలు రికార్డు చేస్తుండగా, పొద్దుగూకాక పత్తి చేలోంచి పని బట్టల్లోనే ఒకాయన గిటారు పట్టుకుని వచ్చారు. ఫ్రెడ్ మెక్‌డవెల్. ఆయన పాట వింటూ ఆలన్ నోటుపుస్తకంలో ఒకే మాట రాసుకున్నారట, పరిపూర్ణం అని. ఆ తర్వాత మెక్‌డవెల్ దేశవిదేశాల్లో పాడి, 1972లో చనిపోయారు. హ్యామండ్ హిల్ చర్చి శ్మశానంలో ఆయన సమాధి ఉంది. మొదట పెట్టిన రాయి మీద పేరులో అక్షరం తప్పుపడింది. 1993లో గాయని బానీ రైట్ ఖర్చు పెట్టి కొత్త రాయి వేయించారు. దాని మీద ఆయన బొమ్మ, సరైన పేరు ఉన్నాయి.

రాత్రి మోటెల్ నుంచి మా ఆవిడ శ్రీకాకుళంలో ఉన్న వాళ్ల పెద్దమ్మకు ఫోను చేసింది. అక్కడ అప్పుడే తెల్లవారింది. అమ్మమ్మతో కలిసి ఊడ్పు పాటలు పాడినవాళ్లలో ఎవరెవరు ఉన్నారని అడిగింది. పెద్దమ్మ ఒక్కో ఇంటిపేరూ, మనిషి పేరూ, ఎవరి కోడలో, ఎవరి ఆడపడుచో చెబుతూ పోయింది. మా ఆవిడ నా నోటుపుస్తకం లాక్కుని రాసుకుంది. ఒక పాట పాడమంటే మాత్రం పెద్దమ్మ ఒప్పుకోలేదు. "మడిలో దిగితే గానీ పాట రాదమ్మా. ఊడ్పుల వేళకు రండి, అందరినీ పిలుస్తాను," అంది. సెలవుల కోసం నేను ఆఫీసుకు రాస్తున్నాను, మా ఆవిడ విశాఖపట్నానికి విమానం టికెట్లు చూస్తోంది.